మా బల్ల కొన్న మనిషి

ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన రాయాలంటే సిగ్గుగా ఉంది. అయ్యో అనుకోలేదు. మరి ఇప్పుడీ బల్ల ఎవరిది, అనుకున్నాను.

కబురు చెప్పింది ఎదురు చాయ్ దుకాణం ఆయన. "అక్కా, గా నాంపల్లి టేషన్ దిక్కుకెల్లి వస్తుండె గద, చెవుల పెన్సిల్ పెట్టుకునే పెద్దమనిషి, పోయిండంట. నిద్రల్నే పోయిండంట, ఎవ్వరికి తక్లీఫ్ ఇయ్యలే" అంటూ గ్లాసు బల్ల మీద పెట్టాడు. నేను గ్లాసు ఎత్తి, కింద పడిన తడిని కొంగుతో తుడిచి, "గట్లనా" అన్నాను. మూడేళ్లుగా ఆ బల్ల మీద మరక పడనివ్వడం లేదు. పరాయి సరుకు మరి.

ఆయన పేరు నాకు తెలియదు. నేను తాతా అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు, అంతటితో పని నడిచిపోయింది. రైలు పెట్టెలకు చెక్కపని చేసి రిటైరయ్యాడనీ, నాంపల్లి స్టేషన్ వెనక ఎక్కడో ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కడే ఉంటాడనీ మాత్రం తెలుసు. అదీ ఆయన నోటితో చెప్పిందే కాబట్టి చాలాకాలం నమ్మలేదు.

నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చింది. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగు, ఫాల్సు, హుక్కులు. మా తాత పెట్టాడు, నాన్న నడిపాడు, నాన్నకు మగపిల్లలు లేక, నాకు ఇంకో విద్య రాక, ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. డాక్టరు మూడు ట్యూబులు రాస్తే ఒకటి సరిపోదా అని అడుగుతాను. దేవుడికి మొక్కుకున్నా ముందు సగమే మొక్కుతాను, పని అయ్యే సూచన కనిపిస్తే పెంచుతాను. అడిగిన ధర ఇచ్చే మనిషిని చూస్తే నాకు భయం. వంక పెట్టే మనిషిని చూస్తే మాత్రం ప్రాణం లేచివస్తుంది. రంగు వెలిసింది, నేత పలచన అని మూతి విరిచినవాళ్లు కొనకుండా పోరు. కొననివాళ్లు బాగుందమ్మా అని మెచ్చుకుని మెట్టు దిగిపోతారు. పాతికేళ్లలో ఈ లెక్క నాకు ఒక్క మనిషి దగ్గరే తప్పింది.

ఆ మనిషి ఎక్కడికి వెళ్లినా మనుషులకంటే ముందు చెక్కను పలకరించేవాడు. మధ్యవేలి కణుపుతో రెండుసార్లు తట్టి, తల కొంచెం వంచి, లోపలినుంచి ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు వినేవాడు. మా దుకాణం గడపను తట్టాడు, అరలను తట్టాడు, చివరికి నా చేతిలోని గజం కర్రను కూడా. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. "దీనికి పేరు లేదు బిడ్డా. పేరు లేనిదాని మీద ఎట్ల గూసుంట?" అనేవాడు. చేసే పని ఏమీ లేకపోయినా చెవి మీద పెన్సిలుండేది. జేబులో రుమాలులో చుట్టిన గాజుముక్క ఉండేది, చెక్కను గీకి చూడడానికి. చాయ్ ఇప్పిస్తే సగం తాగి సగం వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, "మొత్తం తాగితె ఇంకోటి తాగబుద్ధయితది" అన్నాడు. ఈ మనిషి ఏదో దాస్తున్నాడని నేను అప్పుడే తీర్మానించుకున్నాను.

ఇక మా బల్ల సంగతి. ఆరడుగుల పొడుగు, ముదురెరుపు, అంచున గజం గుర్తులున్న ఇత్తడి పట్టీ. మా తాత కాలం నుంచీ అది ఎర్రచందనం. ఎవరో నవాబుల దేవిడీ బంగళా వాళ్లు మా తాత నిజాయితీకి మెచ్చి ఇచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. మా తాత నిజాయితీ మీద నాకు అనుమానం ఉండేది గానీ బల్ల మీద ఎప్పుడూ లేదు. సందులో ఏ చంటిపిల్లకు చెమటకాయలు లేచినా, ఏ పెళ్లికూతురికి మొటిమ వచ్చినా మా దుకాణానికే వచ్చేవారు. బల్ల అడుగున బ్లేడుతో కాస్త గీకి, ఆ ఎర్రటి పొడిని పొట్లం కట్టి ఇవ్వడం మా ఆనవాయితీ. పాలల్లో కలిపి పూసుకుంటారు. డబ్బు తీసుకోం. తీసుకోకపోవడంలోనే లాభముంది, పొట్లం పట్టుకెళ్లిన మనిషి లైనింగు గుడ్డ ఇంకో దుకాణంలో కొనదు. పక్కనున్న గాజుల దుకాణం వదిన అయితే నెలకో పొట్లం పట్టుకుపోయేది.

ఆయన మొదటిసారి మా మెట్టెక్కింది వాన తప్పించుకోవడానికి. బల్లను తట్టాడు, విన్నాడు. వంగి అడుగున చూశాడు. గాజుముక్కతో రవ్వంత గీకి వాసన చూసి, గట్టిగా తుమ్మాడు.

"పడాక్" అన్నాడు.

"ఏంది తాతా?"

"అండమాన్ కట్టె బిడ్డా. గాడ వాన అడవులల్ల పెరుగుతది. చిక్కుడు జాతే గాని కాయ మాత్రం అప్పడం లెక్క గుండ్రంగ ఉంటది. వేర్లు భూమి మీద గోడలు లేసినట్టు లేస్తయ్, ఒక్క వేరు పలకకు నలుగురు గూసొని తినే మేజ అయితది. మా రైలు పెట్టెలకు వాడిన్రు ఒకప్పుడు. నీళ్లకు ఉబ్బదు, ఎండకు వంకర పోదు."

"మాది ఎర్రచందనం."

"కాదు."

మొహం మీద కాదనేసరికి నాకు కోపం రాలేదు. సంతోషం వేసింది. వంక పెడుతున్నాడంటే కొంటాడన్నమాట.

"నేను అమ్మ తాతా" అన్నాను.

"నేను కొన బిడ్డా" అన్నాడు.

కొనేవాళ్లు అనే మొదటి మాట అదే. ఆ పూటే మనసులో బల్లకు ఒక ధర కట్టుకున్నాను.

రెండోసారి వచ్చినప్పుడు నన్ను నేల మీద కూర్చోబెట్టి అడుగుభాగం చూపించాడు. జానెడుకొకటి చొప్పున వరసగా చిన్న చిన్న బిరడాలు. "స్క్రూల జాగలు. రైల్ల సామాన్లు వెట్టే అర బిగించినయ్. మీ తాత హర్రాజుల పాత రైలు పెట్టె కట్టె కొని, మూడు పలకలు జోడిచ్చిండు." మా తాత వేలంలో తుక్కు కొన్నాడనే మాట నిజానికి దేవిడీ కథ కంటే ఆయనకే ఎక్కువ సరిపోతుంది. అందుకే నాకు మరింత అనుమానం వచ్చింది. ఇంత బాగా అతికే అబద్ధం ఆడేవాడు మామూలు కొనుగోలుదారు కాడు.

మూడోసారి తిరుపతి చెక్కబొమ్మ తాలూకు విరిగిన చెయ్యి తెచ్చాడు, అసలైన ఎర్రచందనం. గ్లాసులో నీళ్లు పోయించి బొమ్మ చెయ్యి వేశాడు. మునిగింది. మా బల్ల పెచ్చు వేశాడు. తేలింది.

"సూసినవా?"

"ఎండిన కట్టె ఏదైనా తేలుతది తాతా. నీ బొమ్మ చెయ్యి నూనె తాగింది, మునిగింది."

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. రైలు పెట్టెలో ఎక్కడో ఒక మేకు దిగనప్పుడు అలాగే చూసి ఉంటాడు. "సరే. కాని పిల్లలకు పూయకు బిడ్డా. మా వర్క్‌షాపుల ఇది కోసిన దినం ముక్కుకు దస్తీ కట్టుకునేటోళ్లం. అయినా కండ్లు వాసేటియి, చేతులకు పొక్కులు లేసేటియి. ఒకలకు పడ్తది, ఒకలకు పడదు."

వచ్చిన ప్రతిసారీ పోయేముందు ఈ మాటే. ఆయన చెప్పేది ఆరోగ్యం గురించి. నాకు వినిపించేది ధర తగ్గించడం. అందుకే ప్రతిసారీ నేను మనసులోని ధర కొంచెం పెంచాను.

మధ్యలో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల దగ్గర ఆయన్ని చూశాను. చెట్ల బొమ్మలున్న లావాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్నాడు. అమ్మేవాడు ఒక ధర చెప్పాడు. ఈయన జేబులోంచి తీసి ఇచ్చేశాడు! ఒక్క మాట మాట్లాడకుండా! అయితే అది దొంగనోటై ఉండాలి, లేదా ఆ పుస్తకంలో మనకు తెలియని విలువేదో ఉండాలి. ఆయన కనుమరుగయ్యాక నేను వెళ్లి, "గసుంటిదే ఇంకోటున్నదా?" అని అడిగాను కూడా.

ఆ రోజుల్లోనే మా అమ్మాయికి చెంపల మీద దద్దుర్లు మొదలయ్యాయి. పన్నెండేళ్ల పిల్ల. పక్కనే ఎర్రచందనం పెట్టుకుని దిగులెందుకు, రోజూ పొద్దున పూశాను. దద్దుర్లు పెరిగాయి. పూత మందం పెంచాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆమె అడిగింది, ఇంట్లో ఏమైనా రాస్తున్నారా అని. ఏం లేదన్నాను. ఇంటి వైద్యం చెబితే డాక్టర్లకు కోపం, పైగా అది మందు కాదు కదా, చందనం. రాత్రి ట్యూబు, పొద్దున పూత. కాస్త తగ్గితే మా బల్ల గొప్ప. మళ్లీ లేస్తే ట్యూబు పనికిరానిది. పిల్ల మాస్కు కట్టుకుని బడికి పోయేది, మధ్యాహ్నం ఎవరి ముందూ డబ్బా విప్పడానికి ఇష్టంలేక అన్నం వెనక్కి తెచ్చేది.

ఒక రోజు కుడికన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. బడికి పంపకుండా దుకాణంలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన వచ్చాడు. ఆ రోజు గడపను తట్టలేదు. చెక్క కంటే ముందు మనిషిని చూడడం ఆయనలో అదే మొదటిసారి.

"కన్ను తెరువు బిడ్డా" అన్నాడు దానితో.

"రాదు తాతా" అంది అది.

ఆయన నా వైపు తిరిగాడు. చెబుతాడనుకున్నాను, పూయకు అని. చెప్పలేదు. బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టి, "ఎంతకిస్తవ్?" అన్నాడు.

దొరికాడు! పక్కన నా బిడ్డ ఒంటికన్నుతో కూర్చుంది, నా గుండెలో మాత్రం డప్పులు. నాకే నవ్వొచ్చేంత ధర చెప్పాను.

"సరే" అన్నాడు.

నాకు కంగారు పుట్టింది. "సరే ఏంది తాతా? గట్ల ఒప్పుకుంటరా ఎవరన్న? సగానికి అడుగు."

"సగానికియ్యి."

"గంతకు రాదు."

"మరి అడగమంటివి?"

"నువ్వు అడగాలె, నేను రాదనాలె, నువ్వు పోతున్నట్టు పోవాలె, నేను పిలవాలె."

"యాడిదాక పోవాలె?"

"మెట్టు దాక చాలు."

ఆయన బుద్ధిగా మెట్టు దాకా వెళ్లి, వీపు మాకు పెట్టి చినుకుల్లో నిలబడ్డాడు. నేను కాసేపు ఆగి, పద్ధతి ప్రకారం, "ఓ తాతా, ఇటు రా" అని పిలిచాను. మా అమ్మాయి ఉన్న ఒక్క కన్నుతో పడీపడీ నవ్వింది. నెల రోజుల్లో అది నవ్వడం అదే.

మధ్యలో ఎక్కడో బేరం తెగింది. ఇక బయానా. దుకాణాల వాళ్లకు బయానా అంటే రిజిస్ట్రీ కంటే ఎక్కువ. అది చేతిలో పడిన క్షణం నుంచి సరుకు కొన్నవాడిది. వాడు తీసుకుపోయేదాకా అమ్మినవాళ్లు కాపలాదార్లు మాత్రమే. ఆయన సంచిలో చెయ్యి పెట్టి చెక్కను నునుపు చేసే రందా తీసి బల్ల మీద పెట్టాడు. "పైసలు లెవ్వు. ఇది వెట్టుకో." పిడి ఆయన అరచేతి గుంటల ప్రకారం అరిగిపోయి ఉంది. పనివాడు దీన్ని వదిలి పోడు, మంచి బయానాయే, అనుకుని గల్లాపెట్టెలో పెట్టాను.

"బండి మాట్లాడుకొని దసరా పోయినంక తీస్కపోత. అందాక దీని మీద బ్లేడు వడొద్దు."

"బయానా సంగతి నాకు నేర్పుతున్నవా తాతా?"

ఆయన నేల మీద పడుకుని, చెవి మీది పెన్సిలు తీసి బల్ల అడుగు మొత్తం ఏటవాలు గీతలు గీశాడు, ఈ చివరి నుంచి ఆ చివరికి, వేలెడు సందు కూడా వదలకుండా. "ఒక్క గీత చెరిగినా నాకు తెలుస్తది."

మర్నాడు పొద్దున అమ్మాయి గిన్నె తెచ్చి, "అమ్మా, పూయవా?" అంది. "అది మనది కాదు ఇప్పుడు" అన్నాను. గాజుల దుకాణం వదిన పొట్లానికి వస్తే, "బయానా పడ్డది వదినా" అన్నాను. ఆమె నాలుక కరుచుకుని వెళ్లిపోయింది. ఆమెదీ దుకాణం ఇల్లే.

తర్వాత వారానికోసారి ఆయన చిన్న టార్చి పట్టుకుని వచ్చి, బల్ల కింద దూరి గీతలు చూసుకుపోయేవాడు. నన్నే అనుమానిస్తాడా అని నాకు ఒళ్లు మండేది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. బండి రాలేదు. ధర ఇంకా దించడానికి నాన్చుతున్నాడని రూఢి చేసుకున్నాను. అడిగితే, "పెట్రోలు పిరమయింది బిడ్డా" అన్నాడు. ఈలోగా పిల్ల మొహం తేటపడింది. మూడో ట్యూబు కూడా కొన్నందుకని నేనన్నాను, సబ్బు మార్చినందుకని పిల్ల అంది.

చివరిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు దాని చెంప అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం మానేశారు?" అని అడిగింది. ఏమీ మానలేదు అనబోయాను. పొద్దుటి పూత గుర్తొచ్చింది. మీటరు గుడ్డలో అంగుళం తేడా వస్తే కంటితో పట్టేసేదాన్ని, ఈ చిన్న సంగతి పట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

రందాను జాకెట్టు ముక్కలో చుట్టుకుని నాంపల్లి స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం చివర చెక్కబెంచీ మీద ఉన్నాడు. ఒళ్లో ఆ లావుపాటి పుస్తకం. నన్ను చూసి ఒక పేజీ తిప్పి చూపించాడు. పసుపుపచ్చ పూలు, గుండ్రటి రెక్కల కాయలు, మొదట్లో గోడల్లాంటి వేర్లు, వాటి పక్కన చీమంత మనిషి.

"ముప్పై ఏండ్లు కోసిన బిడ్డా. ఇది నిలవడితే ఎట్లుంటదో ఒక్కనాడు జూడలే. జర మొకం జూద్దామని ఈ బుక్కు కొన్న."

రందా ఆయన పక్కన పెట్టాను. "తీస్కో తాతా. నాకు సమజైంది. ఇగ గీకను."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "వద్దు."

"నీకు బల్ల అక్కర్లేదు గద?"

"అక్కర్లేదు. నా గదిల పట్టది గూడ."

"మరి?"

"రందా వాపస్ తీసుకుంటే బల్ల మళ్ల నీదైతది. నీదైతే గీకుతవ్."

"ఒట్టు తాతా."

"నిన్ను నమ్మ బిడ్డా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నవ్వులాటకు అనలేదు.

"నీకేం లాభం ఇందుల?" నా గొంతు పెద్దదైంది. ముందు బెంచీ వాళ్లు తిరిగి చూశారు.

ఆయన పుస్తకం మూసి, కొలత తీసుకుంటున్నవాడిలా కాస్త ఆలోచించాడు. "నీ తోటి బేరం జేసి గెలిసినోడు ఎవడన్న ఉన్నడా?"

"లేడు."

"ఇప్పుడున్నడు."

ఆ జవాబుతో నా మనసు కుదుటపడింది. ఎదుటివాడికి లాభం ఉందని తెలిస్తేనే నాకు నిద్ర పడుతుంది. అది నాకోసమే వెతికి పెట్టిన లాభమని ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

నన్ను నమ్మనన్నాడని మెట్రో మెట్లదాకా తిట్టుకుంటూ వచ్చాను. కానీ ఆయన అన్నది నిజమే. ఆ తర్వాత రెండుసార్లు నా చెయ్యి బ్లేడుతో బల్ల కిందికి పోయింది. ఒకసారి పెళ్లి బట్టలన్నీ మా దగ్గరే కొన్న పెద్ద గిరాకీ నోరు తెరిచి పొట్లం అడిగినప్పుడు, ఇంకోసారి చిన్నప్పటి స్నేహితురాలు బతిమాలినప్పుడు. కొంచెం పూస్తే ఏమవుతుంది, అందరికీ పడకుండా పోదు కదా అని లోపలి గొంతు. నన్ను ఆపింది మా పిల్ల వాచిన కన్ను కాదు, డాక్టరు మాట కాదు. పెన్సిలు గీతలు. వచ్చే వారం టార్చి వేసి చూస్తాడు.

ఇక ఎవరూ చూడరు.

కబురు తెలిసిన మూడో రోజు గాజుల దుకాణం వదిన వచ్చింది. భుజం మీద మూడు నెలల మనవడు. మెడ మడతల్లో ఎర్రగా చెమటకాయలు.

"మీ బల్ల కొన్న ముసలాయన పోయిండంట గద?"

"ఔ వదినా."

"పాపం. ఇగ అడ్డమేముంది? జర చిటికెడు గీకియ్యి, పోరడు రాత్రంత ఏడ్వవట్టె." చెయ్యి చాచి బల్ల అంచు మీద ఆనించింది.

బ్లేడు గల్లాపెట్టెలోనే ఉంది. నేను మా తాతను, నాన్నను, అరవై ఏళ్ల పొట్లాలను ఒక్కసారి తలుచుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాను. "ఇది ఎర్రచందనం కాదు వదినా. పాత రైలు పెట్టె కట్టె. పిల్లలకు పడదు. మా పిల్ల మొకం దీనితోనే పాడయింది."

వదిన నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ చూస్తాను. "ఏంది, గిన్నేండ్లు చందనమై, నా మనుమడి కాడికొచ్చేసరికి కట్టె అయిందా? ఎవలకు దాస్తున్నవ్?"

"దాసుడు గాదు..."

"చిటికెడుకు పైసలియ్యాల్నా? చెప్పు, ఇస్త."

నేనూ ఆయనకు ఇలాగే జవాబులు చెప్పాను. బొమ్మ చెయ్యి తెచ్చి నీళ్లలో వేసినా ఈమె నమ్మదు, నూనె తాగిందంటుంది. రేపు నేను లేనప్పుడు వచ్చి తనే గీక్కుపోతుంది. పిల్లాడు భుజం మీద మెడ రుద్దుకుంటూ సన్నగా ఏడుస్తున్నాడు.

నేను ముందుకు వంగి గొంతు తగ్గించాను. "నీకొక్కదానికే జెప్తున్న వదినా. కొన్నది ముసలాయన గాదు. ఆయన దలాలి మాత్రమే. అసలు కొన్నోళ్లు వేరే ఉన్నరు."

ఆమె కళ్లు వెలిగాయి. "ఎవలు?"

"పేరు జెప్పొద్దన్నరు."

"గట్లనా! మరి ముందే జెప్పరాదు?" అంతవరకూ ఉన్న అనుమానం ఎటు పోయిందో పోయింది. అటూ ఇటూ చూసి, ఆమె కూడా గొంతు తగ్గించింది. "ఎంతకు?"

ఆయనతో తెగిన ధరకు రెండింతలు చెప్పాను.

వదిన అంచు మీది చెయ్యి చప్పున తీసేసుకుంది. మనవణ్ణి ఇటు భుజం మీంచి అటు భుజం మీదికి మార్చుకుని, వాడి కాలు కూడా బల్లకు తగలకుండా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.